బావకి ఉత్తరం: లోడ్లు పోతున్నా గల్లా ఎందుకు ఖాళీ?

ఆకివీడు,
గురువారం రాత్రి

ఒరేయ్ బావా,

ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను గానీ, మధ్యలో నీకు లారీవాడి ఫోన్లు, నాకు షాపులో జనం. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. లెక్కలు నీకంటే తనకే బాగా వంటబడతాయి.

నీ బాధ ఏమిటంటే, కొబ్బరి పీచు లోడ్లు వరసగా వెళ్తున్నాయి, లోడుకింత అని మిగులు కనిపిస్తోంది, అయినా శనివారం కూలీల బట్వాడాకి చేబదులు తప్పడం లేదు. డబ్బెక్కడికి పోతోందో తెలీడం లేదన్నావు. ఎక్కడికీ పోలేదురా, కొన్నవాడి దగ్గరే ఉంది. ఒక లోడు తీసుకో. కొబ్బరి డొక్కలకి రెండు లక్షల నలభై వేలు, కూలీలకి తొంభై, కరెంటుకి ముప్ఫై, కిరాయికి అరవై అనుకుందాం. మొత్తం నాలుగు లక్షల ఇరవై వేలు. బిల్లు ఐదు లక్షలు. ఎనభై వేలు లాభం, బాగానే ఉంది. కానీ డొక్కలవాడికి ఆ రోజే చేతిలో పెట్టాలి, కూలీలకి శనివారం ఇవ్వాలి, కిరాయిలో సగం లారీ కదలకముందే ఇవ్వాలి. నీ ఐదు లక్షలు మాత్రం అరవై రోజులకి వస్తాయి. నెలకి రెండు లోడ్లు పంపుతున్నావు గనక, మొదటి లోడు డబ్బు నీ ఖాతాలో పడేలోపు నాలుగు లోడ్ల పెట్టుబడి బయట తిరుగుతూ ఉంటుంది. అంటే పదహారు లక్షల ఎనభై వేలు.

ఇప్పుడు ఇంకో పార్టీ దొరికాడు, నెలకి నాలుగు లోడ్లు పంపుతానంటున్నావు. అరవై రోజుల గడువు అలాగే ఉంటే ముప్ఫై మూడున్నర లక్షలు పైన కావాలి. అవి ఎక్కణ్ణుంచి తెస్తావు? నష్టం వచ్చి మూసేసినవాళ్లని చూశాం గానీ, ఆర్డర్లు ఎక్కువై మూతపడ్డ షాపుల గురించి మన వైపు ఎవరూ మాట్లాడరు. నాకు తెలిసి అలాంటివే ఎక్కువ.

నా మేత యాపారం ఇంకా ఘోరం. రొయ్యల మేత కంపెనీ వెంటనే కడితే క్యాష్ డిస్కౌంట్ ఇస్తానంటుంది. రైతేమో పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలు పట్టి అమ్మాక ఇస్తానంటాడు. చెరువులో సీడు, అంటే రొయ్యపిల్లల్ని, వదిలిన దగ్గర్నుంచి పట్టుబడికి మూడు నాలుగు నెలలు. చెరువు ఖర్చులో పెద్ద వాటా మేతదే, అదంతా నా అరువు మీదే నడుస్తుంది. అందుకని నా పుస్తకంలో పేజీ మనిషి పేరు మీద ఉండదు, చెరువు పేరు మీద ఉంటుంది. ఎన్ని ఎకరాలు, సీడు ఎప్పుడు వదిలాడు, ఎంత వదిలాడు, రోజుకి ఎన్ని బస్తాలు, పట్టుబడి ఎప్పుడు పడొచ్చు, అన్నీ ఉంటాయి. ఒకే రైతుకి రెండు చెరువులుంటే రెండు పేజీలు, ఎందుకంటే ఒకటి బాగుండి ఇంకోటి పోవచ్చు.

బాకీ వస్తుందా రాదా అన్నది పుస్తకం కంటే ముందు చెక్ ట్రే చెబుతుంది, అదే, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే పళ్లెం. రైతు గట్టు మీద నిలబడి తాడు పట్టి ట్రే పైకి లాగుతాడు. వేసిన మేత తినేసి, పేగు నల్లగా నిండుగా కనబడితే సరే. రెండు పూటలు వరసగా మేత మిగిలి, నాలుగు రొయ్యలు నీరసంగా అంచుకి చేరితే నాకు టెన్షన్ మొదలు. తెల్లమచ్చ జబ్బు తగిలిందంటే రొయ్య చిన్న సైజులో ఉండగానే పట్టేయాలి, వచ్చిన రేటుకి ఇచ్చేయాలి. నా వసూలు అక్కడితో సగం అయినట్టే. అందుకని ఆ వారమే ఆ చెరువుకి పంపే బస్తాలు తగ్గిస్తాను. రైతుకి కోపం వస్తుంది, రానీ. జబ్బుపడ్డ చెరువులోకి అరువు మేత పోస్తూ కూర్చుంటే ఇద్దరం మునుగుతాం.

2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు నువ్వు కూడా విన్నావుగా, పెద్ద సైజు రొయ్యల రేట్లు పడిపోయాయి. రైతులు పట్టుబడి వాయిదా వేసుకుంటూ పోయారు. అంటే నాకు రావాల్సిన తేదీలన్నీ ఒక్కసారిగా జరిగిపోయాయి. ఎంత రావాలో మారలేదు, ఎప్పుడన్నదే మారింది. కంపెనీకి ఆ సంగతి చెబితే వింటుందా?

సరే, నీ పని. ఒక పెద్ద కాయితం తీసుకో. అడ్డంగా రాబోయే పదమూడు వారాలు రాయి. పైన వచ్చేవి, కింద పోయేవి. బట్వాడా, కరెంటు బిల్లు, డొక్కలు, కిరాయి, బ్యాంకు వడ్డీ, పిల్లల ఫీజులు, ఏదీ వదలకు. వచ్చేవి రాసేటప్పుడు మాత్రం వాడు చెప్పిన తేదీ వెయ్యకు. వాడు ముప్ఫై రోజులంటాడు, ఎప్పుడూ యాభై ఐదుకి వేస్తాడు, అయితే యాభై ఐదే రాయి. ప్రతి శుక్రవారం కూర్చుని ఒక వారం కొట్టేసి, చివర ఒక వారం కలుపు. ఏడో వారంలో ఖాళీ కనిపించిందనుకో, సర్దుకోవడానికి నీకు నెలన్నర ఉంటుంది. శనివారం పొద్దున్న తెలిస్తే ఎవరి దగ్గరికెళ్లినా వాడు చెప్పిన వడ్డీకే తేవాలి.

వడ్డీ అంటే గుర్తొచ్చింది. పది రోజుల్లో కడితే రెండు శాతం తగ్గించమని ఒక పార్టీ అడిగాడన్నావు. కుదరదని తోసెయ్యకు, లెక్క వెయ్యి. నువ్వు బయట తెచ్చే రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అరవై రోజులకి బదులు పదికే వస్తే మిగిలే ఆ యాభై రోజులకి మూడు శాతం పైమాటే. వాడికి రెండు శాతం ఇవ్వడమే చవక. అదే బ్యాంకు సీసీ, అంటే యాపారానికి కావాల్సినప్పుడల్లా వాడుకునే క్యాష్ క్రెడిట్ అప్పు, 11 శాతానికి ఉందనుకో, యాభై రోజులకి ఒకటిన్నరే అవుతుంది. అప్పుడు ఇవ్వక్కర్లేదు.

సీసీ పెట్టుకో, తప్పు లేదు. వాడుకున్నదానికే వడ్డీ. కానీ నెలనెలా స్టాకు, బాకీల లెక్క ఇవ్వాలి, దాన్నిబట్టే ఎంత తీసుకోవచ్చో తేలుస్తారు. మామూలుగా 90 రోజులు దాటిన బాకీల్ని బ్యాంకువాళ్లు లెక్కలోకి తీసుకోరు. నీ బాకీ పాతబడితే డబ్బూ రాదు, లిమిటూ తగ్గుతుంది. ఇంకోటి, రెండో పీచు మిషను సీసీలోంచి కొంటానన్నావే, ఆ పని మాత్రం చెయ్యకు. మిషను ఐదేళ్లు తిరిగితే గానీ దాని డబ్బు తిరిగిరాదు. దానికి ఏళ్ల తరబడి వాయిదాల్లో తీర్చే టర్మ్ లోను వేరే అడుగు. సీసీ డొక్కలకీ బట్వాడాకీ ఉండాలి.

నీకు చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంది కదా, దాన్ని ఫైల్లో పెట్టి మర్చిపోయావని నా అనుమానం. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం, అదే చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, నీలాంటి తయారీదారుకి కొన్నవాడు రాతపూర్వకంగా ఒప్పుకున్న తేదీకి కట్టాలి, అది ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడింతలు చక్రవడ్డీ. కేసు పెట్టమని నేననను, పార్టీని పోగొట్టుకుంటావు. కానీ ఆదాయపు పన్ను చట్టంలో 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి ఒక మెలిక వచ్చింది. గడువు దాటించిన సొమ్ముని కొన్నవాడు కట్టిన ఏడాదే ఖర్చుగా చూపించుకోవాలి. అందుకని మార్చి వచ్చేసరికి వాళ్ల ఆడిటరే తొందరపెడతాడు. నువ్వు బిల్లు మీద ఉద్యం నంబరు, 45 రోజుల గడువు అచ్చు వేయిస్తే చాలు. నేను కొని అమ్మేవాణ్ణి, నాకు ఆ సౌకర్యం లేదు. అసూయగా ఉంది.

జీఎస్టీ సంగతి తాళ్లు, మ్యాట్లలోకి దిగినప్పుడు మాట్లాడుకుందాం. ఒక్కటి గుర్తుంచుకో, అది బిల్లు తేదీ చూస్తుంది గానీ డబ్బు అందిన తేదీ చూడదు. నెలనెలా వేసేవాళ్లకి 20వ తేదీ వచ్చిందంటే, పార్టీ ఇచ్చినా ఇవ్వకపోయినా నీ జేబులోంచి కట్టాలి.

వానలు పడ్డాక నీ కళ్ళంలో పీచు ఆరదు. జులై నుంచి అక్టోబరు దాకా లోడ్లు తగ్గుతాయి, మనుషుల్ని మాత్రం వదులుకోలేవు. జూన్ ఆఖరికి ఒక నెల బట్వాడా, ఒక కరెంటు బిల్లు వేరే ఖాతాలో పడి ఉండాలి. మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు కరెంటు పోతే, చెరువు నీళ్లలోకి గాలి పట్టించే ఏరేటర్లు జనరేటర్లతో తిప్పాల్సొచ్చింది. డీజిలు ఎవడూ అరువియ్యడు. చేతిలో నోట్లున్నవాడి చెరువు నిలబడింది.

ఇంటి ఖర్చుకి నెలకింతని జీతంలా తీసుకో. గల్లాలోంచి అప్పుడో వెయ్యి ఇప్పుడో రెండు వేలు తియ్యకు. సంక్రాంతికి బరి దగ్గరికి వెళ్లే డబ్బు గురించి నేనేమీ అనను, చెల్లెమ్మ అంటుంది.

ఆదివారం పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి వస్తున్నాను. పొద్దున్నే బయల్దేరితే పది లోపు నీ షెడ్డు దగ్గరుంటాను. ఈలోపు రావాల్సిన బిల్లులన్నీ పార్టీవారీగా కట్టలు కట్టి పెట్టు, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంటు తీయించు. ఏ పార్టీ నిజంగా ఎన్ని రోజులకి వేస్తున్నాడో దాంట్లోనే తేలిపోతుంది. ఆ కొత్త పార్టీకి నాలుగు లోడ్ల మాట మాత్రం నేనొచ్చేదాకా ఇవ్వకు. ఇవ్వక తప్పకపోతే లోడుకి ముప్ఫై శాతం అడ్వాన్సు అడుగు, ఏమంటాడో చూడు.

అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. మధ్యాహ్నానికి చేపల పులుసు చేయిస్తే చాలు, రొయ్యలు మాత్రం వద్దురా బాబూ.

నీ బావ