నగర నిర్మాణ ఆటల గైడ్‌లో తప్పులు: సవరణ, డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ స్టోర్‌లోని తెలుగు కొనుగోలు గైడ్, దాని కింద అమ్ముతున్న ఆటల ప్యాక్ గురించి.

అయ్యా/అమ్మా,

నగరాలు కట్టే ఆటలన్నిటినీ మీ గైడ్ ఒకే గాటన కట్టి, ధరనీ స్టార్లనీ చూపించి పోల్చింది. కారు రేసు ఆటకైతే ఆ పోలిక సరిపోతుందేమో, నచ్చిందో లేదో అరగంటలో తేలిపోతుంది. నగరం ఆట అలా కాదు. మొదటి రెండు గంటల్లో ఉండేది నాలుగు రోడ్లు, ఒక నీళ్ల పంపు. ఏ ఆటలోనైనా అవి బాగానే నడుస్తాయి. లోపం బయటపడేది ఊరు పెద్దదయ్యాక. మీ వాపసు గడువేమో రెండు గంటల ఆట సమయం. కాబట్టి కొనేవాళ్లకి మీ గైడే ఆధారం, అందులోనే తప్పులున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది సిటీస్: స్కైలైన్స్ 2 గురించి రాసిన పేరా. ‘8 జీబీ ర్యామ్ ఉన్న ఏ ల్యాప్‌టాప్‌లోనైనా ఆడుకోవచ్చు’ అన్నారు. 2023 అక్టోబర్‌లో ఆట విడుదలైనప్పుడు కంపెనీ చెప్పిన కనీస అవసరాల్లో 8 జీబీ ర్యామ్ ఉన్నమాట నిజమే. దాని పక్కనే 4 జీబీ జీటీఎక్స్ 970 గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది, మీరు దాన్ని వదిలేశారు. సిఫార్సు చేసినవి 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3080. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకి ఈ ఆట అంటగట్టడం తగదు. ‘మొదటి భాగానికి కొన్న డీఎల్‌సీలు, మోడ్‌లు ఇందులోనూ పనిచేస్తాయి’ అన్న వాక్యం పూర్తిగా తప్పు. పాత డీఎల్‌సీ, అంటే ఆటకి విడిగా కొనే అదనపు భాగం, ఒక్కటీ ఇందులోకి రాదు. ఆటగాళ్లే తయారుచేసే చేర్పులైన మోడ్‌ల కోసం స్టీమ్ అనే ఆటల స్టోర్‌లోని వర్క్‌షాప్ కూడా లేదు, అన్నీ ఆట ప్రచురించిన కంపెనీ నడిపే పారడాక్స్ మోడ్స్ నుంచే దించుకోవాలి.

2015 నాటి మొదటి స్కైలైన్స్‌కి ‘పరిమితి లేని నగరం’ అని శీర్షిక పెట్టారు. దానికి పరిమితులున్నాయి, అవి అంకెల్లోనే ఉన్నాయి: ఒకేసారి తిరిగే వాహనాలు 16,384, రోడ్డు ముక్కలు 36,864, బయట కదిలే మనుషులు 65,536. వాహనాల లెక్క నిండితే కొత్త బండి గ్యారేజీ దాటదు. చెత్త బండి, శవవాహనం కూడా అంతే. డిపోలు చాలినన్ని ఉన్నా చెత్త పేరుకుపోతుంటే ముందు చూడాల్సింది ఈ అంకెనే. ట్రాఫిక్ ఆగితే ‘రోడ్డు వెడల్పు చేయండి’ అని మీరిచ్చిన చిట్కా కూడా పనిచేయదు. ముందున్న మలుపుని బట్టి బండ్లు చాలా ముందే లేన్ పట్టేస్తాయి. అందరూ ఎడమకే తిరగాల్సి ఉంటే ఆరు లేన్ల రోడ్డులోనూ ఒక్క లేనే కిక్కిరిసి, మిగతావి ఖాళీగా పడుంటాయి. చేయాల్సింది ఆ మలుపుకి రెండో దారి ఇవ్వడం, లేదా కూడళ్ల మధ్య దూరం పెంచడం.

బానిష్డ్ గురించి ‘పన్నులు జాగ్రత్తగా వేయండి’ అన్నారు. రాసినవాళ్లు ఆ ఆట తెరిచి కూడా చూసినట్టు లేరు. 2014లో వచ్చిన ఆ ఆటలో డబ్బే లేదు, ఇక పన్నెక్కడిది? పడవలో వచ్చే వర్తకుడితో కట్టెలో తోలో ఇచ్చి విత్తనాలు తీసుకోవడమే, పూర్తిగా వస్తుమార్పిడి. అక్కడ ఊరిని ముంచేది ఇళ్ల లెక్క. యువ జంటకి ఖాళీ ఇల్లు దొరికితేనే వేరు కాపురం పెడతారు, పిల్లల్ని కంటారు. ఇళ్లు కట్టడం ఆపేస్తే ఎదిగిన పిల్లలు అమ్మానాన్నల దగ్గరే ఉండిపోతారు, పుట్టుకలు ఆగిపోతాయి. కొన్నేళ్లకి పెద్దవాళ్లంతా ఒక్కసారే పోతారు. పొలంలో మనిషుండడు, కట్టెలు కొట్టేవాడుండడు, చలికాలం రాగానే ఉన్నవాళ్లూ పోతారు. అలాగని ఒక్కసారే ఇరవై ఇళ్లు కడితే వాళ్లంతా ఒకే ఈడువాళ్లవుతారు, ముప్పు వాయిదా పడుతుందంతే. ఏడాదికి రెండు మూడు ఇళ్ల చొప్పున ఆగకుండా కడుతూ పోవాలి. గైడ్‌లో చెప్పాల్సింది ఇది.

ఫ్రాస్ట్‌పంక్‌ని పిల్లల విభాగంలో పెట్టారు. బాలకార్మిక చట్టం మీద సంతకం పెట్టాలా, శవాలను ఏం చేయాలి అని ఆటగాణ్ణి అడిగే ఆట అది. వెంటనే తీసేయండి.

సిమ్‌సిటీల్లో 2013 నాటిది కొత్తది కాబట్టి మేలన్నారు. కొత్తదే మేలన్నది ఫోన్ల దుకాణం లెక్క. 2013 ఆటలో నగరం దాదాపు రెండు కిలోమీటర్ల చదరంలోనే ఆగిపోతుంది. 2003 నాటి సిమ్‌సిటీ 4లో పెద్ద పలక, అంటే ఒక నగరానికిచ్చే స్థలం, నాలుగు కిలోమీటర్ల చదరం, అలాంటివి పక్కపక్కనే పేర్చుకోవచ్చు. పాతది అమ్మేటప్పుడు చెప్పాల్సిన ముక్క ఒకటే: ఇప్పటి మల్టీకోర్ ప్రాసెసర్ల మీద అది కుప్పకూలుతుంటుంది, ఆట మొదలుపెట్టే ముందు ఇచ్చే లాంచ్ ఆప్షన్‌లో సీపీయూ కౌంట్ (వాడుకునే కోర్ల సంఖ్య) ఒకటికి పెట్టుకోవాలి.

ఆనో 1800కి ‘ఏ అకౌంటూ అక్కర్లేదు’ అన్నారు. స్టీమ్‌లో కొన్నా యూబీసాఫ్ట్ కనెక్ట్ అకౌంట్ తప్పదు. రొట్టెకి మీరిచ్చిన ఒక పొలం, ఒక మిల్లు, ఒక బేకరీ లెక్క కూడా దండగ. పొలానికీ బేకరీకీ సరుకు తీయడానికి నిమిషం చొప్పున పడుతుంది, మిల్లుకి అర నిమిషమే. మీ లెక్కన మిల్లు సగం సేపు ఊరికే ఉండి నిర్వహణ ఖర్చు మాత్రం తింటుంది. రెండు పొలాలు, ఒక మిల్లు, రెండు బేకరీలు అయితే సరిగ్గా సరిపోతుంది.

మేము కోరేది ఇదీ. పైన చెప్పిన వాక్యాలు సరిచేసేదాకా ప్యాక్ పక్కన ‘తెలుగు గైడ్ సిఫార్సు’ ముద్ర తీసేయండి. ప్రతి ఆటకీ గ్రాఫిక్స్ కార్డు అవసరం, నగరం గరిష్ఠ పరిమాణం, అకౌంట్ అవసరం ధర పక్కనే కనపడేలా రాయండి. స్కైలైన్స్ 2 పేరా చూసి కొన్నవాళ్లకి, ఆడిన గంటలతో సంబంధం లేకుండా, డబ్బు కట్టిన ఖాతాకే తిరిగివ్వండి. వాలెట్ పాయింట్లు వద్దు.

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇదే లేఖ, మీ గైడ్ స్క్రీన్‌షాట్లతో సహా, పంపుతాం.

ఇట్లు,
మీ స్టోర్‌లో ప్యాక్ కొన్న తెలుగు ఆటగాళ్లు

జత: గైడ్ స్క్రీన్‌షాట్లు, కొనుగోలు రసీదులు