కరవును తట్టుకునే మొక్కకూ మొదటి ఏడాది నీళ్లు కావాలి

సంపాదకుల వారికి,

నీళ్లు తక్కువైనా బతికే మొక్కలంటూ పత్రికల్లో వచ్చే జాబితాల్లో జర్మాండర్ పేరు తరచుగా కనిపిస్తోంది. మొక్క మంచిదే, ఆ పేరుకు తగినదే. అయితే ఆ ఒక్క మాట పట్టుకుని నాటిన మర్నాటి నుంచే నీళ్లు మానేసేవారున్నారు. మిగతా పూలమొక్కలతో పాటు దీన్నీ రోజూ తడిపేవారూ ఉన్నారు. రెండు విధాలా మొక్క చచ్చిపోతుంది, నింద మాత్రం మొక్క మీదే పడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా, కొనేటప్పుడు శాస్త్రీయ నామం అడగాలి. జర్మాండర్లన్నీ ట్యూక్రియం ప్రజాతివి. తులసి, పుదీనాల కుటుంబమే. అంచు వరుసలకు పనికొచ్చేది ట్యూక్రియం కామీడ్రిస్. అడుగు ఎత్తు, ముదురాకుపచ్చ చిన్న ఆకులు, గులాబీ ఊదా పూలు. ట్యూక్రియం ఫ్రూటికాన్స్ వెండి రంగు ఆకులతో, లేత నీలం పూలతో నాలుగైదు అడుగుల పొద అవుతుంది. ఈ రెండూ పొడి నేలలవి. ట్యూక్రియం కెనడెన్స్ మాత్రం చెమ్మ నేలలో పెరిగేది. జర్మాండరే కదా అని దాన్ని ఎండు గట్టు మీద నాటితే నిలవదు.

నాటిన మొదటి రెండు వారాలు రెండు మూడు రోజులకోసారి నీళ్లు పోయాలి. ఆ తర్వాత మొదటి ఏడాదంతా, వానలు లేనప్పుడు, వారానికి ఒక్కసారి చాలు. కానీ జానెడు లోతు దాకా నేల తడవాలి. పైపైన చిలకరిస్తే వేళ్లు పైపొరలోనే తిరుగుతాయి, ఆ పొర ఎండిన రోజున మొక్కా ఎండుతుంది. రెండో ఏడాది నుంచి మూడు నాలుగు వారాలు చినుకు లేకపోతేనే ఒక తడి ఇవ్వాలి. వేలు రెండంగుళాలు గుచ్చి చూడండి, లోపల చెమ్మ తగిలితే నీళ్లు వద్దు. కుండీలో మట్టి త్వరగా ఆరుతుంది కాబట్టి అక్కడ లెక్క వేరు, వేలితో చూసి పోయడమే దారి.

మనకు ఏ మొక్కకైనా పాదు చేసే అలవాటుంది. జర్మాండర్‌కు మొదటి ఏడాది దాటాక ఆ పాదు చెరిపేసి, మొదలు చుట్టూ మట్టిని కాస్త ఎత్తుగా, బయటికి వాలుగా సర్దాలి. మొదలు దగ్గర నీరు నిలిస్తే వేరుకుళ్లు పట్టుకుంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు: కుళ్లిన వేళ్లు నీటిని తీసుకోలేవు కనుక మొక్క దాహంతో ఉన్నట్టే వాడుతుంది. అది చూసి ఇంకో బిందె పోస్తే అంతటితో సరి. పొద్దున్న కూడా వాడే ఉండి, మట్టి తడిగా ఉంటే అది కుళ్లే. అప్పుడు మొక్కను కాపాడుకోవడం కష్టం. బాగున్న కొమ్మ కొసలు కత్తిరించి కొత్త మొక్కలు చేసుకోవడం మేలు.

బంకమట్టి అయితే ఎనిమిది నుంచి పన్నెండంగుళాల ఎత్తు మడి కట్టి నాటండి. గుంటలో మాత్రమే ఇసుక నింపితే చుట్టూ ఉన్న బంకమట్టి దాన్ని నీళ్ల తొట్టి చేసేస్తుంది. కుండీకి మట్టి, ముతక ఇసుక సమపాళ్లలో కలిపి గుప్పెడు కంపోస్టు వేస్తే చాలు. అడుగున కంకర పరచడం వల్ల నీరు త్వరగా పోదు. మెత్తని మట్టి కంకరను తాకే చోట నీరు ఆగిపోయి వేళ్ల దగ్గరికే చేరుతుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ ఉండాలి. కామీడ్రిస్‌ను అంచుగా నాటితే మొక్కకూ మొక్కకూ అడుగు దూరం, ఫ్రూటికాన్స్‌కు మూడు నాలుగడుగులు. యూరియా జోలికి వెళ్లొద్దు. కొమ్మలు మెత్తగా సాగి, పొద నడిమికి విచ్చుకుని పడిపోతుంది.

పూలు అయిపోగానే వాడిన కంకులు తీసేయండి. ఏటా కొత్త చిగుళ్లకు ముందు మూడో వంతు కత్తిరించాలి. ప్రతి కొమ్మకూ కొన్ని పచ్చని ఆకులు మిగలాలి. కామీడ్రిస్ నేల లోపల పిలకలతో పక్కలకు పాకుతుంది కనుక ఏడాదికోసారి అంచు వెంట పారతో కోసేస్తే అదుపులో ఉంటుంది.

విత్తనాలు మెల్లగా, ఒక్కో గింజ ఒక్కో రోజున మొలుస్తాయి. కత్తిరింపులే నయం. పూలు లేని, సగం ముదిరిన నాలుగంగుళాల కొమ్మకు కింది ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో ఉంచితే దాదాపు నెలకు వేళ్లు వేస్తుంది. పూసే కాలంలో వరుస పొడుగునా తేనెటీగలు మూగుతాయి, కనుక పురుగుమందు కొట్టకండి.

చివరగా పత్రికకు ఒక విన్నపం. ఈ మొక్కను ఔషధంగా, కషాయానికి పనికొచ్చేదిగా రాయవద్దు. కామీడ్రిస్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బరువు తగ్గడానికి దీని గుళికలు వాడినవారికి హెపటైటిస్ రావడంతో ఫ్రాన్స్ 1992లో వాటి అమ్మకాన్ని నిలిపేసింది. జర్మాండర్ గురించి మళ్లీ రాసినప్పుడు నీళ్ల లెక్కతో పాటు ఈ హెచ్చరికనూ తప్పక వేయండి.

– ఒక తోటపని పాఠకుడు