టీవీ కళాకారులంటే అంత చిన్నచూపా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ సినిమా పేజీలో పోయిన వారం ‘చైనా టీవీ తారల తళుకులు’ అని శీర్షిక పెట్టి ఓ పెద్ద ఫొటో, దాని కింద నాలుగు వాక్యాలు వేశారు. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ మనవరాలి పరీక్షల గొడవలో కుదరలేదు. అయ్యా, అది చైనా కాదు, సింగపూర్. ఆ వేడుక పేరు స్టార్ అవార్డ్స్. 1994 నుంచి అక్కడి టీవీ సంస్థ మాండరిన్ (చైనీస్) కార్యక్రమాలకు, వాటిలో పనిచేసేవాళ్లకు ఇస్తూ వస్తున్న అవార్డులు. ఆ సంస్థకు ఇప్పుడున్న పేరు మీడియాకార్ప్, దాని యజమాని టెమాసెక్, అంటే సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడుల సంస్థ. బీజింగ్‌కీ దానికీ బాదరాయణ సంబంధం కూడా లేదు. సింగపూర్ జనాభాలో ముప్పావు వంతు చైనా మూలాలున్నవాళ్లే కదా అని అందరినీ తీసుకెళ్లి చైనాలో కలిపేస్తే, రేపు శ్రీలంకలోని జాఫ్నా తమిళుల్ని చెన్నై వాళ్లని కూడా రాసేయొచ్చు. అక్కడ ఇంటింటా పేరున్న టీవీ నటుడు క్రిస్టఫర్ లీ పుట్టింది మలేషియాలోని మలక్కాలో. మీ లెక్కన ఆయనా చైనా తారే కాబోలు.

సరే, ఊరి పేరు తప్పు పడింది, అచ్చుతప్పని సరిపెట్టుకుందాం. ఫొటోలో ఎర్ర తివాచీ ఉంది, దాని మీద గౌను ఉంది, గౌనులో ఉన్నావిడ పేరు లేదు. ఆమెకు ఏ అవార్డు వచ్చిందో, ఏ సీరియల్‌కి వచ్చిందో లేదు. గౌను కుట్టినాయన పేరు మాత్రం ఉంది!

నాకు ఒళ్లు మండింది మాత్రం ‘ప్రేక్షకుల ఓట్లతో ఉత్తమ నటులను ఎంపిక చేశారు’ అన్న వాక్యం చదివాక. అక్కడ ఉత్తమ నటుడు, ఉత్తమ నటి ఎవరో తేల్చేది న్యాయనిర్ణేతలు. జనం ఓట్లు వేసేది ‘టాప్ టెన్’ అభిమాన కళాకారులకు. మగవాళ్లలో పదిమంది, ఆడవాళ్లలో పదిమంది. చాలా ఏళ్లపాటు ఫోన్ ఓట్లు ఒక్కటే చాలవని జనంలో సర్వే చేయించి, దాన్ని కూడా లెక్కలో కలిపేవారు. డబ్బున్న అభిమానులు ఫోన్లు పట్టుకుని కూర్చుంటే మొత్తం తారుమారవుతుందని వాళ్లకు తెలుసు. నటన ఒక లెక్క, అభిమానం ఇంకో లెక్క. ‘ది లిటిల్ న్యోన్యా’ సీరియల్ ఆ దేశాన్ని ఊపేసింది, అందులో హీరోయిన్ జనెట్ ఆవ్. తీరా 2009 వేడుకలో ఉత్తమ నటి అవార్డు అదే సీరియల్‌లో ఇంకో పాత్ర వేసిన జోయాన్ పేకి వచ్చింది. అభిమానులు గింజుకున్నారు. తీర్పు తీర్పే.

ఇంకో రూలు ఉంది, మన వాళ్లు వింటే జ్వరం వస్తుంది. టాప్ టెన్‌లోకి పదిసార్లు వచ్చినవాళ్లకు ‘ఆల్ టైమ్ ఫేవరెట్’ అని ఒక గౌరవం ఇచ్చి, ఆ పోటీలోంచి పక్కకు తప్పిస్తారు. నటీమణులు జోయీ టే, జాకీ చాన్‌తో హాలీవుడ్‌లో చేసొచ్చిన ఫాన్ వాంగ్, ఇంత పేరున్నవాళ్లు కూడా అలాగే తప్పుకుని కొత్తవాళ్లకు చోటిచ్చారు. మన దగ్గర ఏ స్టేజీ మీదైనా ‘ఇక చాలండి, జరగండి’ అని ఒకసారి అని చూడండి.

అక్కడంతా స్వర్గమని నేను అనడం లేదు. అవార్డులిచ్చేదీ మీడియాకార్ప్, పుచ్చుకునేదీ మీడియాకార్ప్ మనుషులే. 2001లో ఛానల్ యూ అనే ఛానల్‌తో ఇంకో సంస్థ పోటీకి దిగింది గానీ నాలుగేళ్లు తిరక్కుండానే ఇందులో కలిసిపోయింది. భాష సంగతీ అంతే. మా అబ్బాయి ఉండే ఫ్లాట్లలో ఎదురింటి పెద్దావిడ మాట్లాడేది హోక్కియెన్, అదో చైనా ప్రాంతీయ భాష. 1979లో అందరూ మాండరినే మాట్లాడాలని ప్రభుత్వం ఉద్యమం మొదలుపెట్టాక టీవీలోంచి అలాంటి భాషలన్నిటినీ ఊడ్చేశారు. మళ్లీ 2016లో గానీ పెద్దవాళ్ల కోసమని హోక్కియెన్‌లో ఒక చిన్న సీరియల్ వేయలేదు. అయినా ఆవిడ రాత్రి తొమ్మిదయ్యేసరికి ఇనప గేటు వేసుకుని, తలుపు మాత్రం బార్లా తీసి, మాండరిన్‌లో వచ్చే ఛానల్ ఎనిమిది ముందు కూర్చుంటుంది. అవార్డుల రాత్రి ఏదో సీరియల్‌లో అత్త వేషం వేసినావిడ పేరు చదివితే, ఈవిడ టీవీకి చప్పట్లు కొట్టింది! ఏమంటోందని అడిగితే మా మనవరాలు నవ్వుతూ చెప్పింది, ‘ఈసారి కూడా ఇవ్వకపోతే టీవీ అమ్మేస్తానంటోంది తాతయ్యా’ అని. అవార్డుల వేడుకలు మలయ్ కార్యక్రమాలకు పెస్తా పెర్దానా అని, తమిళానికి ప్రధాన విళా అని వేరుగా ఉన్నాయి. అక్కడున్న మన తెలుగువాళ్లకు తమిళ ఛానల్ వసంతమే దిక్కు, అది వేరే బాధ.

మరి మన సంగతి? ఉమ్మడి రాష్ట్రంలో టీవీకి కూడా నంది అవార్డులు ఉండేవి. సీరియళ్లకు, టెలిఫిల్ములకు ప్రభుత్వం పిలిచి ఇచ్చేది. రాష్ట్రం విడిపోయాక అవి మెల్లగా అటకెక్కాయి. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరు మీద అవార్డులు ఘనంగా ఇచ్చింది, సంతోషమే, కానీ ఆ రోజు ఇచ్చినవన్నీ సినిమాలకే. ఇక ఛానళ్లు ఎవరి కుటుంబం వాళ్లది, ఎవరి పరివారం వాళ్లది. ఉత్తమ కోడలు, ఉత్తమ అత్త, ఉత్తమ జంట! ఇంట్లో పిల్లలకు పంచే పుట్టినరోజు కానుకల్లా ఏ ఒక్కరూ చిన్నబుచ్చుకోకుండా పంచేస్తారు. ఉత్తమ రచయిత ఎవరంటే యాంకర్ బ్రేక్‌కి వెళ్లిపోతుంది.

మన సీరియళ్లలో హీరోయిన్లు చాలామంది కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. బాగానే చేస్తున్నారు, నాకు వాళ్ల మీద ఏ కోపమూ లేదు. కానీ రాత్రి మనం విని కంటతడి పెట్టుకునే గొంతు ఇంకెవరిదో. హైదరాబాద్‌లో ఏదో డబ్బింగ్ థియేటర్‌లో మైకు ముందు నిలబడి, తెర మీద అమ్మాయి పెదాలు చూసుకుంటూ ఏడ్చిన మనిషిది. ఆమె పేరు చదువుదామని ఎపిసోడ్ చివర కళ్లజోడు పెట్టుకుని కాచుకుని కూర్చుంటే, సగం తెరలో రేపటి ప్రోమో, మిగతా సగంలో నూనె ప్రకటన, అడుగున చీమల బారులా అక్షరాలు. రెండు సెకన్లలో మాయం. సింగపూర్‌లో దర్శకులకు, రచయితలకు, తెర వెనక పనివాళ్లకు కూడా అవార్డులున్నాయి. వేడుకను రెండు ఆదివారాలు రెండు భాగాలుగా జరిపిన ఏళ్లు కూడా ఉన్నాయి. మనకు రెండు రాష్ట్రాలున్నాయి, రెండు ప్రభుత్వాలున్నాయి, రాత్రయితే ఏ ఇంట్లో చూసినా సీరియలే. టీవీ నందికి మాత్రం దిక్కులేదు.

పత్రికలూ తక్కువ తినలేదు. ఒకప్పుడు వారానికోసారి టీవీకని ఒక పేజీ ఉండేది, సీరియల్ బాగుందో లేదో మొహమాటం లేకుండా రాసేవారు, పాఠకులు ఉత్తరాల్లో పోట్లాడుకునేవారు. ఇప్పుడు సీరియల్ నటి పేపర్లో కనపడాలంటే విడాకులైనా తీసుకోవాలి, గౌనైనా వేసుకోవాలి.

ఈ విషయం మీద ప్రభుత్వానికి అర్జీ పెడదామని మా కాకినాడలో తెలిసినవాళ్లను అడిగాను. ఒకాయన సమాచార శాఖ అన్నాడు, ఇంకొకాయన ఎఫ్‌డీసీ (చలనచిత్రాభివృద్ధి సంస్థ) అన్నాడు, మూడో ఆయన సాంస్కృతిక శాఖ అన్నాడు. టీవీ నందుల ఫైలు ఇప్పుడు ఏ శాఖలో ఉందో మీ విలేకరిని పంపి కనుక్కుని, ఆ శాఖ పేరూ చిరునామా అయినా అచ్చు వేయండి. అర్జీ నేనే రాసుకుంటాను.

— ఒక పాఠకుడు, కాకినాడ
(ప్రస్తుతం సింగపూర్)