జెండా ఊపారు సరే, క్లచ్ సంగతి ఎవరు చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

సబ్సిడీ మీద ఇచ్చిన వ్యవసాయ యంత్రాలు అద్దె కేంద్రాల్లో మూలన పడ్డాయని పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. వార్త నిజమే. కానీ 'రైతులకు జాగ్రత్త లేదు' అని అందులో ఒక అధికారి అన్న మాట చదివి ఒళ్లు మండింది. ఆ జాగ్రత్తేమిటో ఎవరైనా వచ్చి చెప్పారా?

మా మామిడి తోటల్లో గడ్డి కొట్టే స్లాషర్‌నే తీసుకోండి. ట్రాక్టరు ఇంజన్ బలాన్ని స్లాషర్‌కు అందించే తిరిగే కడ్డీని పీటీవో షాఫ్టు అంటారు. దానికి స్లిప్ క్లచ్ ఉంటుంది, అంటే స్ప్రింగులు నొక్కి పట్టిన ప్లేట్లు. బ్లేడు మొద్దుకో రాయికో తగిలితే అది జారి, గేర్ బాక్సును కాపాడాలి. నెలల తరబడి వాడకుండా పెడితే ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోతాయి. సీజన్ మొదట్లో స్ప్రింగుల నట్లు వదులు చేసి, ఇంజన్ స్లోలో పెట్టి పీటీవో వేసి, రెండు మూడు సెకన్లు జారనివ్వాలి. తర్వాత ఇంజన్ ఆపి, కంపెనీ చెప్పిన పొడవుకు స్ప్రింగులన్నీ స్కేలుతో కొలిచి సమానంగా బిగించాలి. ఇంతే పని.

మా దగ్గర జరిగేది వేరు. క్లచ్ కాస్త జారితే చాలు, డ్రైవర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనేదాకా బిగించేస్తాడు. ఇక అది జన్మలో జారదు. ఇంకొకాయన ఏకంగా ప్లేట్లకు గ్రీజు పూస్తాడు! వాళ్లను అని ఏం లాభం? యంత్రంతో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది, అదీ బీరువాలో. పోయిన వానాకాలం మా తోటలో బ్లేడు మొద్దుకు తగిలి గేర్ బాక్సు పళ్లు రాలిపోయాయి. ఆ ఖర్చు అద్దెకు తెచ్చుకున్న నా నెత్తినే వేశారు. షాఫ్టు మీది ప్లాస్టిక్ గార్డు ఎప్పుడో ఊడిపోయింది. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టు పక్కనే లుంగీలతో పని చేస్తున్నారు. దానికెవరికీ టెన్షన్ లేదు.

డ్రిప్ ఇచ్చినప్పుడూ ఇంతే, ఫిల్టర్ కడగడం ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు డ్రోన్లట! యంత్రాలిచ్చే రోజు మాత్రం షామియానా, దండలు, జెండా ఊపడం, ఫొటో. ఆ ఫొటో మీరూ వేశారు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వమే నడిపే వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. అక్కడికి మండలానికి ఇద్దరు డ్రైవర్లనైనా పంపితే సొమ్మేం పోతుంది?

అదీ కుదరదంటే, స్ప్రింగు ఎంత పొడవుండాలో తెలుగులో రాసి యంత్రం మీదే అంటించండి. నాయకుల బొమ్మలకు చోటు దొరికింది కదా, దీనికీ దొరుకుతుంది.

- ఒక మామిడి రైతు,
నూజివీడు మండలం, ఏలూరు జిల్లా