రాజీనామా ఇచ్చాకా అడిగేది?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు, ఏడాది తిరక్కముందే ఉద్యోగం మారిపోతున్నారు అని మీ పత్రికలో రాశారు. పన్నెండేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉన్నాను, మానేసేవాళ్లతో ఆఖరి రోజు కూర్చుని మాట్లాడేది నేనే, అందుకని ఈ మాట నాకు మింగుడు పడలేదు.

మా ఫారంలో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. అందరూ 'మంచి అవకాశం' అనే రాస్తారు. రాయరా మరి, ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఇంకా మా చేతిలోనే ఉందాయె! ఒకమ్మాయి మాత్రం సంతకం చేసి, ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టి, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "సార్, ఎనిమిది నెలలుగా రోజూ ఒకే ఎక్సెల్ షీటు నింపుతున్నాను, అది ఎవరు చూస్తారో కూడా తెలీదు" అంది. జీతం ఊసే ఎత్తలేదు.

జీతం లెక్కలోది కాదని అనను. నిన్న చేరినవాడికి తనకంటే ఎక్కువ ఇస్తున్నారని తెలిసిన రోజు ఎవరికైనా మనసు విరుగుతుంది. పైగా రాజీనామా పెట్టగానే పెంచుతామంటారు, మరి నిన్నటిదాకా ఆ డబ్బు ఎక్కడుందో! కానీ జీతం తక్కువైతే చిరాకు పుడుతుంది గానీ, సరిపడా ఇచ్చినంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదని, అది పుట్టేది చేసిన పనికి గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల ఉన్నప్పుడేనని ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు సుమారు 200 మంది ఇంజినీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి 1959లోనే చెప్పాడు. అప్పటి కుర్రాళ్లు ఇప్పుడు తాతలు.

ఇక ఉండిపోయినవాళ్లని అసలెవరూ అడగరు. నేను అడిగాను. ఎక్కువమంది ఎవరో ఒక మనిషి పేరు చెప్పారు, పక్కన కుర్చీ వేసుకుని పని చూపించిన సీనియరో, తప్పు జరిగితే పైవాళ్ల ముందు తనమీద వేసుకున్న లీడరో.

ప్రొబేషన్ పూర్తయ్యేలోపే ఒకసారి, మేనేజర్ లేకుండా కూర్చోబెట్టి, ఏం నేర్చుకున్నావు, ఏ పని దండగ అనిపిస్తోంది అని అడగడానికి అరగంట చాలు. ఆఖరి రోజు అడిగితే మాకు ఫారం నిండుతుంది, అంతే.

ఆ షీటు సంగతి తర్వాత ఆరా తీశాను. ఎప్పుడో మానేసిన ఒక మేనేజర్ మెయిల్‌కి వెళ్తోంది. ఆ అమ్మాయి స్థానంలో వచ్చిన కుర్రాడు అప్పటికే మూడు వారాలుగా దాన్ని నింపుతున్నాడు.

— ఒక పాఠకుడు