మాటసాయం చేయనిచ్చిన అందరికీ

నిన్నటితో నా ఏడాది పూర్తయింది. చెన్నైలో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో, తమిళం రాని మన తెలుగువాళ్లకి మాటసాయం చేసే వాలంటీరుగా వారానికి ఐదు రోజులు ఉన్నాను. సోమవారం తిరుపతిలో ఉద్యోగంలో చేరుతున్నాను. వెళ్లేలోపు కొంతమందికి థ్యాంక్స్ చెప్పుకోవాలి. నిన్న ఎదురుగా నిలబడి చెప్పబోతే గొంతు పట్టేసింది, మాట రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. రోగుల సంగతులు కాబట్టి ఆసుపత్రి పేరూ మనుషుల పేర్లూ రాయడం లేదు. చదివితే ఎవరి మాట వాళ్లకి తెలిసిపోతుంది.

సూళ్లూరుపేట నుంచి పొద్దున్నే బయల్దేరే లోకల్ తడ, ఆరంబాకం, గుమ్మిడిపూండి మీదుగా మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌కి వస్తుంది. నెల్లూరు, గూడూరు నుంచి పెద్ద రైళ్లలో వచ్చేవాళ్లు ఆ పక్కనే సెంట్రల్‌లో దిగుతారు. మద్రాసు పేరు 1996లోనే చెన్నైగా మారినా, మా వైపు జబ్బు ముదిరితే ఇప్పటికీ "మద్రాసుకి తీసుకుపోండి" అనే అంటారు. అలా వచ్చినవాళ్ల చేతిలో పాత రిపోర్టులు కుక్కిన ప్లాస్టిక్ కవరు ఉంటుంది, సంచిలో అన్నం క్యారియరు ఉంటుంది, భాష మాత్రం ఉండదు. నాకూ పెద్దగా ఉండేది కాదు. పెరంబూరులో పిన్ని ఇంటికి సెలవులకి వచ్చిపోతూ నేర్చుకున్న తమిళం అది. కొట్లో ఉప్పు, పప్పు కొనడానికి సరిపోతుంది. డాక్టరు ముందు సరిపోదని మూడో వారంలో తెలిసింది.

ఆ రోజు నాయుడుపేట వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. "రాత్రయితే చలి తల్లీ, తట్టుకోలేకపోతన్నా" అంది. పక్కనున్న సిస్టర్ ఆ మాట విని "సళియా?" అని అడిగింది. నేను ఆలోచించకుండా "ఆమా", అంటే అవును అనేశాను. తమిళంలో సళి అంటే జలుబు, కఫం. డాక్టరమ్మ అవ్వ వీపు మీద స్టెతస్కోపు పెట్టి, దగ్గు ఎన్నాళ్లుగా ఉంది, కఫం ఏ రంగులో పడుతోంది అని ఒకటొకటీ అడుగుతోంది. నేను తెలుగులో చెబుతుంటే అవ్వ బిత్తరపోయి చూస్తోంది. చివరికి చీర కొంగు భుజాల చుట్టూ బిగించి, రెండు చేతులూ వణికించి చూపించింది. అప్పుడు నా గుండె జారిపోయింది. వెంటనే నా తప్పు చెప్పాను. డాక్టరమ్మ అప్పటిదాకా రాసింది కొట్టేసి, జ్వరం సంగతి మొదటి నుంచీ అడిగి, మలేరియాకి కూడా కలిపి రక్తపరీక్ష రాసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అవ్వ బయటికి వెళ్లాక మాత్రం తమిళంలో నెమ్మదిగా చెప్పింది: "ఊహించి చెప్పొద్దమ్మా. తెలియకపోతే ఇంకోసారి అడుగు. నేను ఆగుతాను."

మేడమ్, రోజుకి అంతమందిని చూస్తూ కూడా మీరు నిజంగానే ఆగేవారు. ఈ ఏడాదిలో నేను చేసిన కాస్త పనీ మీరు ఆగబట్టే చేయగలిగాను.

ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు కొన్నాను. మొదటి పేజీలో చలి, సళి. రెండో పేజీలో మూర్ఛ, మూచ్చు. మనవాళ్లు "మూర్ఛ వచ్చింది" అంటే వాళ్లకి మూచ్చు, అంటే ఊపిరి అన్నట్టు వినిపిస్తుంది. ఫిట్స్‌కీ ఆయాసానికీ ఎంత తేడా! తర్వాత పసి. సిస్టర్ "పసిక్కుదా?" అంటే ఆకలేస్తోందా అని అడగడం. ఒక బాలింత మాత్రం పసిబిడ్డ గురించి అడిగారనుకుని "నిద్రపోతన్నాడండీ" అని చెప్పింది. ఇలా ఒకటీ ఒకటీ చేరి, పుస్తకం దాదాపు నిండింది.

రక్తం తీసే చోట ఉండే అన్నకి నా దండాలు. షుగర్ పరీక్షకి కనీసం 8 గంటలు ఏమీ తినకుండా రావాలి. నేను "ఏమీ తినకుండా రండి" అని చెప్పి పంపేదాన్ని. మరుసటి రోజు వాళ్లు టీ తాగి వచ్చేవాళ్లు. వాళ్ల తప్పు కాదు, మన ఇళ్లలో టీని తిండి కింద ఎవరు లెక్కేస్తారు? పాపం, ఇంకో రాత్రి వరండాలో పడుకోవాల్సి వచ్చేది. అది గమనించి చెప్పింది ఆ అన్నే. అప్పటి నుంచి "పరగడుపున రండి, టీ కూడా వద్దు, మంచినీళ్లు తాగొచ్చు" అని మూడు ముక్కలూ చెప్పడం మొదలుపెట్టాను. పరగడుపు అనగానే మా పెద్దవాళ్ల ముఖాల్లో అర్థమైన కళ వచ్చేది.

మందుల కౌంటర్లో పెద్దాయనకి కూడా. చదువు రానివాళ్లకి మాత్రల కాగితం కవరు మీద తెలుగులో రాసినా లాభం లేదని నేను బాధపడుతుంటే, ఆయన నా చేతిలో పెన్ను తీసుకుని కొండ మీద సగం సూర్యుడు, తర్వాత నిండు సూర్యుడు, తర్వాత నెలవంక గీశారు. పక్కన అన్నం తట్ట. తట్టకి ముందు చుక్క పెడితే తిండికి ముందు, వెనక పెడితే తిన్న తర్వాత. ఎన్ని వందల కవర్ల మీద ఆ నెలవంక గీశానో నాకే తెలియదు.

చలికాలంలో ఒక రోజు గురించి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఒకాయనకి ఇక వైద్యం పనిచేయదని డాక్టరు ఆయన భార్యకి చెబుతున్నారు. ఆ మాటని తెలుగులో అనాల్సింది నేను. ఇరవై రెండేళ్ల వయసు నాది, ఆమెకి మా అమ్మ వయసుంటుంది. నోరు తెరిచాను, రాలేదు. అక్కడే ఉన్న సిస్టరక్క, తెలుగు ఒక్క ముక్క రాని మనిషి, వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చుని చేయి పట్టుకుంది. ఇంకో చేత్తో నా చేయి పట్టుకుంది. అప్పుడు చెప్పాను. ఆవిడ ఏడవలేదు, "ఇంటికి తీసుకుపోతాలే తల్లీ, ఆయనకి ఇల్లంటే ఇష్టం" అంది. అక్కా, ఆ రోజు నువ్వు కూర్చోకపోతే మర్నాడు నేను ఆసుపత్రికి వచ్చేదాన్ని కాదు.

పిన్నీ బాబాయిలకి వేరుగా చెప్పక్కర్లేదు, అయినా చెబుతున్నాను. ఏడాది పాటు జీతం లేని పిల్లకి అన్నం పెట్టి, పొద్దున్నే పెరంబూరు స్టేషన్‌లో దించారు. ఒక్కరోజు కూడా "ఇదంతా నీకెందుకు" అనలేదు. క్యారియరు తీసుకెళ్లడం మర్చిపోయిన రోజుల్లో అమ్మా ఉణవగం, అంటే చవకగా తిండి పెట్టే సర్కారు క్యాంటీన్, ఆదుకుంది. రూపాయికి ఇడ్లీ, 5 రూపాయలకి సాంబారన్నం. రోగితో వచ్చి పది రోజులు ఉండాల్సిన మనవాళ్లకి నేను మొదట చూపించే చోటు అదే. అక్కడ వడ్డించే అమ్మలు, తెలుగువాళ్లని చూడగానే నా కోసం కేకేసేవాళ్లు.

నోటుబుక్కు నిన్న కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇచ్చాను. చిత్తూరు పిల్ల, తమిళం నాకంటే బాగా వచ్చు. ఓపీ చీటీలు రాసే కౌంటరు పక్క బల్ల మీదే కూర్చుంటుంది, వచ్చేవాళ్లు అక్కడ అడగండి.

ఇంకొక్కటి. వేసవిలో గూడూరు నుంచి కొడుకు ఆపరేషన్ కోసం వచ్చిన నాయనా, డిశ్చార్జి అయ్యాక మూడో వారం మీరు మళ్లీ రైలెక్కి వచ్చి, నేను లేని రోజున నా బల్ల మీద ఒక సంచి నిమ్మకాయలు పెట్టి వెళ్లారట. మీ ఫోన్ నంబరు నా దగ్గర లేదు. ఈ పోస్టు గూడూరు నిమ్మకాయల మార్కెట్ వైపు ఎవరైనా చూస్తే ఆయనకి చెప్పండి: కాయలు అందాయి, ఊరగాయ పెట్టాం, బాగా ఊరింది. ఒక సీసా సిస్టరక్కకి ఇచ్చాను. ఇంకోటి కొత్త అమ్మాయి దగ్గర మీ కోసం పెట్టాను. బాబుని చెకప్‌కి తీసుకొచ్చినప్పుడు అడిగి తీసుకోండి.