బొగ్గు చుట్టలు చదివేదెవరు?

సంపాదకునికి,

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బొగ్గుగా మార్చిన ఇటలీలోని ప్రాచీన రోమన్ పట్టణం హెర్కులేనియం నాటి పపైరస్ చుట్టలను (రెల్లు లాంటి మొక్కతో చేసిన కాగితంపై రాసి చుట్టిన గ్రంథాలను) కృత్రిమ మేధ చదివేసిందంటూ ఊదరగొడుతున్నారు. 18వ శతాబ్దంలో దొరికిన వీటిని చేత్తో విప్పబోయి ఎన్నింటినో పొడి చేశారు. ఇప్పుడు ఎక్స్‌రేలతో, కృత్రిమ మేధ సాయంతో, చుట్ట విప్పకుండానే సిరా జాడ పట్టి ముగ్గురు విద్యార్థులు 2024లో 7 లక్షల డాలర్ల బహుమతి గెలవడం అబ్బురమే, కాదనను. అయితే యంత్రం చూపింది అక్షరాల ఆనవాళ్లు మాత్రమే. సుఖం, సంగీతం, తిండి గురించి ప్రాచీన గ్రీకు తాత్వికుడు ఎపిక్యూరస్ బాటలోని తత్వవేత్త (బహుశా ఫిలోడెమస్) రాసిన గ్రీకు వాక్యాలుగా వాటిని చదివి నిర్ధారించింది పపైరస్ పండితులు. అలాంటివారిని తయారుచేసే శాఖలకే ముప్పొచ్చింది. అమెరికాలోని హోవర్డ్ విశ్వవిద్యాలయం 2021లో తన ప్రాచీన గ్రీకు, లాటిన్ శాఖను రద్దు చేసింది. బహుమతి వార్తలకిచ్చే చోటులో కొంత, ఆ పండితుల ప్రసంగాలకూ మీ పత్రిక ఇవ్వాలి.

– ఒక పాఠకుడు